నేరము పరదేశమున, విచారణ మన కోర్టున

ఖమ్మము జిల్లా ముదిగొండలో మందుల దుకాణపు బోర్డు మీదను, ఆర్.ఎం.పీ. వైద్యుని మోటారు సైకిలు మీదను ఎర్రని ప్లస్ గుర్తును మనము నిత్యమును చూచుచునే యుందుము. కేంద్ర ప్రభుత్వపు అనుమతి లేక ఆ రెడ్‌క్రాసు చిహ్నమును వాడినవారికి ఐదు వందల రూపాయల వరకు జరిమానా కలదు. ఆ జరిమానాను చెప్పిన శాసనమే, యుద్ధమున రక్షణకు పాత్రులైనవారిని ప్రపంచమున ఏ మూలనైనను బుద్ధిపూర్వకముగా చంపినవానికి మరణదండనమో యావజ్జీవ ఖైదో విధింపవలెననియు చెప్పుచున్నది. అది 1960 నాటి జెనీవా ఒడంబడికల చట్టము.

1949 ఆగస్టు 12న కుదిరిన నాలుగు ఒడంబడికలు, గాయపడిన సైనికులకును, ఓడ మునిగినవారికిని, యుద్ధ ఖైదీలకును, శత్రువు చేత చిక్కిన పౌరులకును అభయమిచ్చి, ఆ అభయమును ఘోరముగా భంగపరచినవాడు ఏ దేశీయుడైనను సరే, వానిని వెదకి పట్టి తన కోర్టులో విచారించుటయో, వేరొక దేశమునకు అప్పగించుటయో ప్రతి ప్రభుత్వమునకును విధిగా చేసినవి. మన చట్టము నాలుగవ సెక్షను ప్రకారము, విదేశమున అట్టి నేరము చేసినవాడు ఇచ్చట ఎక్కడ దొరకునో అక్కడనే నేరము జరిగినట్లు ఎంచి విచారింపవచ్చును. సముద్రముల కావల యుద్ధ ఖైదీని చంపి వచ్చి ముదిగొండలో ఇల్లు అద్దెకు తీసికొని కాపురమున్నవానిని ఖమ్మము సెషన్సు కోర్టు బోనెక్కించుటకు చట్టమున అడ్డు లేదు.

అడ్డు ఫిర్యాదు కడ నున్నది. గట్టు తగాదా వచ్చినను మన రైతు తానే ఠాణాకు పోయి దరఖాస్తు ఇచ్చును. ఇందు మాత్రము ప్రభుత్వమో, అది నియమించిన అధికారియో ఫిర్యాదు చేసిన తప్ప కోర్టు కేసు చేపట్టరాదు. గోవాలోని ఒక క్రైస్తవ మతగురువు కేసులో, 1969లో, ఈ చట్టము వ్యక్తికి స్వయముగా ప్రత్యేక పరిహారమేదియు నీయదని సుప్రీంకోర్టు చెప్పినది. కన్నకొడుకును పోగొట్టుకొన్న తల్లి కోర్టు గుమ్మమున చేతులు కట్టుకొని నిలువవలసివచ్చుట నాకు ఎంతమాత్రమును సమ్మతము కాదు.

వేరొక లోటును కలదు. రువాండాలో ముషుబాతి అను ప్రాంతమునకు మేయరుగా, మన లెక్కలో మండలాధ్యక్షుని వంటివాడుగా ఉండి, 1994 నాటి హత్యాకాండలో జనులను చంపుటకు పురికొల్పిన ఫుల్జెన్స్ నియోంతెజె, స్విట్జర్లాండున తలదాచుకొనగా, అక్కడి సైనిక న్యాయస్థానము 1999లో లోసాన్ నగరమున వానిని దోషిగా తేల్చినది. అప్పీళ్ల తరువాత 14 ఏండ్ల శిక్ష నిలిచినది. అది ఒకే దేశపు ప్రజల నడుమ జరిగిన పోరు. మన చట్టపు మూడవ సెక్షనులోని దండనలు దేశమునకును దేశమునకును నడుమ జరుగు యుద్ధపు నేరములకే వర్తించును గనుక, ఆ మేయరే స్విట్జర్లాండుకు పోక ఖమ్మము చేరియుండిన, ఈ చట్టము వానిని తాకియుండెడిది కాదు.