యజమాని పేరు లేని దరఖాస్తు



గుడియాత్తంలో తెలుగులో ప్రసంగించే అవకాశం నాకు అరుదుగా లభిస్తుంది. కౌండిన్య నది ఆంధ్రదేశం నుండి దిగివచ్చి ఈ పట్టణం గుండా పారుతున్నట్లే, మన మాట కూడా ఎన్నో తరాల క్రిందటే ఎల్లలు దాటి వచ్చి ఇక్కడ నిలిచింది. తమిళ ప్రకటనలను తెలుగు చేయడం నా ఉద్యోగం. న్యాయశాస్త్రం చదివినవాణ్ని కాను. కనుక మాటల దారినే ఈ విషయంలోకి వస్తాను.

కొన్ని మాసాల క్రితం ఒక యువకుడు నా వద్దకు వచ్చాడు. ఇక్కడికి సమీప గ్రామం వాడు. వేలూరులో మోటారు సైకిలుపై భోజనం అందించే పని చేస్తున్నాడు. ఆసుపత్రి చుట్టుపట్ల లాడ్జీలలో దిగిన రోగుల బంధువులకు, కాట్పాడి వైపు విద్యార్థులకు అతడు తెచ్చే పొట్లమే రాత్రి భోజనం. ఒకనాటి ఉదయం ఫోను తెరచి చూస్తే ఐడీ బ్లాక్ అయి ఉంది. కారణం లేదు. సహాయ విభాగానికి వ్రాస్తే యంత్రమే బదులిచ్చింది. “అన్నా, ఒక అర్జీ రాసియ్యండి” అని అడిగాడు. పేరు, తండ్రి పేరు, చిరునామా, చేసే పని వరకు సాఫీగా సాగింది. తరువాతి గడి “యజమాని పేరు”. అతడు మాట్లాడకుండా ఫోను నా ముందు పెట్టాడు. అందులో అతని పేరు ప్రక్కన “పార్ట్‌నర్” అని ఉంది. ఆ గడిని ఖాళీగానే విడిచి అర్జీ పంపాము.

పార్ట్‌నర్ అనే మాటను తెలుగు చేస్తే భాగస్వామి. మన వ్యవహారంలో భాగస్వామి అంటే లాభనష్టాలలో వాటా గలవాడు, లెక్కల పుస్తకం తెరచి చూసే హక్కు గలవాడు. ఈ యువకునికి బండి సొంతం, పెట్రోలు ఖర్చు సొంతం, ఎండ సొంతం. తమిళ మిత్రులు వేలూరును “వెయిలూరు” అని పరిహసించేది ఊరకనే కాదు గదా! ఒక్కొక్క ఆర్డరుకు ఎంత ముట్టాలో, ఎన్ని నిమిషాలలో చేరాలో నిర్ణయించేది మాత్రం అతడు ఎన్నడూ చూడని ఒక లెక్క.

ఈ చిక్కు మన జిల్లాకు క్రొత్త కాదు. గుడియాత్తం, పేర్ణాంబట్టు ప్రాంతాలలో చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టిన తల్లులను ఈ సభలో చాలామంది ఎరుగుదురు. తునికాకు, పొగాకు తెచ్చుకొని, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి పుచ్చుకొనేవారు. వారు మా పనివారు కారు, నడుమనున్న గుత్తేదారు మనుషులు, తమ యింట తమకు వీలైనప్పుడు చుట్టేవారు అని వ్యాపారులు వాదించారు. సేలం యునైటెడ్ బీడీ కార్మికుల సంఘం వ్యాజ్యంలో 1964లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. నడిమివాడు పేరుకే గుత్తేదారనీ, చుట్టేవారు వ్యాపార సంస్థ పనివారేననీ తేల్చింది. ఆపై 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంట కూర్చుండి చుట్టేవారిని సైతం ఉద్యోగుల నిర్వచనంలోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో అదే న్యాయస్థానం మరొక మెట్టు ఎక్కింది. కుట్టిన బట్ట బాగులేదని తిప్పికొట్టి మళ్ళీ కుట్టమనే అధికారం ఎవరికి ఉందో చూసింది. ముక్కకింత అని కూలి తీసుకొనే దర్జీలు కూడా ఆ దుకాణం ఉద్యోగులేనన్నది.

1966 చట్టంలో 39వ సెక్షన్‌ను నేను పలుమార్లు చదివాను. యజమాని బీడీలను నాసి అని ఏరివేస్తే, ఆ వివాదాన్ని తీర్చడానికి వేరొక అధికారి ఉండాలని అది చెప్పింది. నేటి నక్షత్రాల రేటింగు కూడా ఒక ఏరివేతయే. ఇక్కడ బీడీని కాక మనిషినే ఏరివేస్తున్నారు. వినవలసిన అధికారి మాత్రం లేడు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనను. తమిళనాడు 1982 నాటి శారీరక శ్రమ కార్మికుల చట్టం క్రింద 2023లో గిగ్ కార్మికులకు సంక్షేమ మండలిని ఏర్పరచింది. 2025-26 బడ్జెట్‌లో 2,000 మందికి ఈ-స్కూటరు కొనుగోలుకు తలా 20,000 రూపాయల సబ్సిడీ, సుమారు 1.5 లక్షల మందికి సామూహిక బీమా ప్రకటించింది. కేంద్ర సామాజిక భద్రతా స్మృతి, 2020 అనేది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుండి 2 శాతం నిధికి జమ చేయాలి. అయితే అది కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతాన్ని మించరాదు.

అయితే ఆ స్మృతిలోని నిర్వచనం వద్ద నా కన్ను ఆగిపోయింది. గిగ్ కార్మికుడంటే సాంప్రదాయిక యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసేవాడట! మేము ఖాళీగా విడిచిన గడిని చట్టమే ఖాళీగా ఉంచింది. బీమా ఉంటుంది, నిధి ఉంటుంది. కనీస వేతనం, పని గంటలు, అకారణ తొలగింపు అనే ప్రశ్నలు ఆ వెలుపలే మిగిలాయి. నిధి సంగతి కూడా బీడీ కార్మికులనే అడగాలి. 1976లో వారి సంక్షేమానికి విధించిన సుంకం 2017లో జీఎస్టీ రాకతో రద్దయింది.

పొరుగున కర్ణాటక 2025లో చేసిన చట్టం ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. అక్కడ ఒకరిని తొలగించాలంటే లిఖితపూర్వకంగా కారణం చూపి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఫిర్యాదు వినే ఏర్పాటు ఉండాలి. మనకూ అటువంటి చట్టం కావాలి. ఇది కార్యాలయం మాట కాదు, నా మాట. వీలైనప్పుడే పనిచేసే స్వేచ్ఛ పోతుందని కొందరు భయపడుతున్నారు. బీడీ చుట్టిన తల్లికి చట్టం వచ్చాక ఆ స్వేచ్ఛ పోలేదు.

ఈ పని చేస్తున్నవారు ఇక్కడ ఉంటే రెండు విన్నపాలు. మండలిలో పేరు నమోదు చేసుకోండి. వేలూరులోని కార్మిక శాఖ కార్యాలయంలో వివరాలు చెబుతారు. తమిళ పత్రం నింపడం కష్టమైతే నా వద్దకు రండి. రెండవది, ప్రతిదినం వచ్చిన రాబడి, రేటింగు, కంపెనీ పంపిన సందేశాలు ఫోనులో స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఆ యువకుని వద్ద అవేవీ లేవు. ఐడీతోపాటే అన్నీ పోయాయి. అతడు ఇప్పుడు మరొక కంపెనీలో చేరాడు, అక్కడా పార్ట్‌నరే.