లిటిల్ మయామీ ఒడ్డున సైకిల్ దారి

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లిటిల్ మయామీ నది వెంట ఒక తారు దారి ఉంది. సిన్సినాటి శివార్ల నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా సుమారు 125 కిలోమీటర్లు. ఒకప్పుడది రైలు మార్గం. 1846లో రైలు స్ప్రింగ్‌ఫీల్డ్ చేరింది. రైళ్లు ఆగిపోయాక, పట్టాలు తీసిన కట్ట మీదే ఈ దారి వేశారు.

అక్కడ సైకిల్ తొక్కడం పెద్దవయసు వారికి కూడా తేలికే. కారణం వినండి. నున్నటి పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. రైలు నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకే నది వాలు వెంటే మార్గం వేశారు. ఆవిరి ఇంజను కోసం వెతికిన ఆ వాలు ఇప్పుడు మన మోకాళ్లకు అక్కరకొస్తోంది.

కింగ్స్ మిల్స్ దగ్గర పాత తూటాల కర్మాగారం కనిపిస్తుంది. ఇంకా పైకి వెళితే, 70 మీటర్లకు పైగా ఎత్తున హైవే వంతెన. దానికి జెరమయా మారో పేరు పెట్టారు. ఈ మార్గం వేసిన రైలు కంపెనీ తొలి అధ్యక్షుడు ఆయనే. ఆ పేరు సరిగ్గా అక్కడ నిలవడం నాకెంతో నచ్చింది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవారు తప్పక తొక్కి చూడండి. అక్కడ కుడివైపు సాగాలి. ముందువారిని దాటేటప్పుడు గంట కొట్టి, ఎడమవైపు నుంచి వెళ్లాలి.