తోడు మాటలు



భాష గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్ళు అడిగారు. మేం వార్డెన్లం. భాష అంటే మాకు ముందు వంటగది గుర్తొస్తుంది, అక్కడి నుంచే వస్తాం.

గంట కొట్టగానే పిల్లలు "అన్నం ఉందా" అని అడగరు. "ఇవాళ కూరేటి మేడమ్?" అంటారు. అన్నం ఎలాగూ ఉంటుందని వాళ్ళకు ధీమా. అడగవలసింది పక్కదాని గురించే. ఆ పక్కదానికి తెలుగులో ఒక మంచి మాట ఉంది, ఆదరువు. ఆదరువు అంటే ఆధారం. ముద్ద గొంతు దిగడానికి ఆసరా అన్నమాట. చోడి అంబలి తాగుతూ ఉల్లిపాయో పచ్చిమిరపకాయో ఎండుచేపో కొరుకుతాం చూడండి, దాన్ని నంజుకోవడం అంటాం. కలుపుకోవడం వేరు, నంజుకోవడం వేరు. కలిపినది ముద్దలో కలిసిపోతుంది. నంజుకున్నది తన రుచి తను నిలబెట్టుకుంటుంది. ఈ తేడాను కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

పాలలో వేసే నాలుగు మజ్జిగ చుక్కలను తోడు అంటాం. అది లేకపోతే కుండెడు పాలు విరిగిపోవాలే గానీ పెరుగు కావు. సంతలో కొలత అయ్యాక పైన వేసే గుప్పెడు కొసరు. అదే మాట నుంచి కొసరి వడ్డించడం వచ్చింది. మా ఆయాలకు మేం ఎన్నిసార్లో చెప్పే మాట ఇది: కొత్తగా చేరిన పిల్ల రెండోసారి అడగదు, కొసరి వెయ్యాలి.

పాటకు తోడుండేది వంత. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వాళ్ళు లేకపోతే కథ నడవదు. అలాంటి మాటను ఇవాళ "వాడికి వీడు వంత పాడుతున్నాడు" అని తిట్టుకింద వాడుతున్నారు. మాకు నచ్చదు. మన థింసా చూడండి. చేతులు పెనవేసుకుని ఆడేవాళ్ళను అందరూ ఫోటో తీస్తారు. మోరీ, కిరిడి, తుడుము, డప్పు, జోడు కొమ్ములు ఫోటోలో ఓ మూలకు పోతాయి. కానీ మోరీ ఆగితే అడుగు ఆగుతుంది. జోడు కొమ్ములైతే పేరులోనే చెబుతున్నాయి, ఒక్కటిగా ఉండలేమని.

ఇప్పుడు మాటల జంటలకు వద్దాం. తెలుగులో ఏ మాటకైనా గీ, గి పెట్టి నీడ తయారుచేయొచ్చు. పులి గిలి, పాలు గీలు, పుస్తకం గిస్తకం. అంటే పులీ, పులిలాంటి ఇంకేవైనా అని. మొదటి అక్షరం పొట్టిదైతే గి, పొడుగుదైతే గీ. ఏ ఊరి పిల్లయినా అయిదు నిమిషాల్లో పట్టేస్తుంది. ఎందుకంటే ఇలా నీడ మాట పలికే అలవాటు తెలుగు ఒక్కదానిది కాదు. మన ఏజెన్సీలో మూడు కుటుంబాల భాషలున్నాయి: కువి, కొండ ద్రావిడ భాషలు, ఆదివాసీ ఒడియా ఆర్య భాష, గదబల్లో ఒక శాఖ మాట్లాడే గుతోబ్ ముండా భాష. ఈ మూడు కుటుంబాల్లోనూ ఇలాంటి జంటలున్నాయని భాషాశాస్త్రవేత్తలు ఏనాడో రాశారు. మీ ఇంటి భాషలో ఆ నీడను ఏ అక్షరంతో తయారుచేస్తారో మీరే వెతకాలి.

ఇంకో రకం జంట ఉంది. గొడ్డూ గోదా అంటాం. గోద అంటే ఎద్దు అని నిఘంటువు చెబుతుంది. ఇవాళ "మా గోద మేతకు వెళ్ళింది" అని ఎవరైనా అంటారా? ఒకప్పుడు సొంత కాళ్ళ మీద తిరిగిన మాట, ఇప్పుడు గొడ్డు పక్కన ఉంటేనే బతుకుతోంది. మాకు ఈ ఉదాహరణ చెప్పినప్పుడల్లా కొంచెం భయం వేస్తుంది.

ఎందుకంటే కాగితాల మీద మనల్ని కూడా అలాగే రాస్తున్నారు. మన గూడేలు చాలావరకు రెవెన్యూ లెక్కల్లో ఫలానా గ్రామ శివారు. రోడ్డు వేసినా, మంచినీళ్ళు ఇచ్చినా ముందు ఆ ఫలానాకు, తర్వాత మనకు. సభల్లో పేర్లు చదివేటప్పుడు మనం తదితరులు. జనగణనలో 10,000 మంది కంటే తక్కువ మంది మాట్లాడే భాషలకు విడిగా పేరు వెయ్యరు, ఇతరములు అని ఒక గంపలో పోస్తారు. రాజ్యాంగం 8వ షెడ్యూల్లో 22 భాషలున్నాయి. ఆదివాసీలు మాట్లాడే బోడో, సంతాలీ అందులో చేరింది 2003లో. కువి లేదు, కోయ లేదు, గోండీ లేదు.

దీనికి ఎవరినో తిట్టి కూర్చోవడం సులువు. కానీ ఏటా జూన్‌లో హాస్టల్లో చేర్చుకునేటప్పుడు మేం చూస్తున్నది మీకు చెప్పాలి. దరఖాస్తులో మాతృభాష అని ఒక గడి ఉంటుంది. తల్లీ కూతురూ కువిలో మాట్లాడుకుంటూ వచ్చి నిలబడతారు. అడిగితే ఆ పిల్ల "తెలుగు" అంటుంది. తల్లి కూడా తలూపుతుంది. తెలుగు అంటే సీటు త్వరగా వస్తుందని ఎవరు చెప్పారో తెలియదు. ఆ గడికీ సీటుకూ ఏ సంబంధమూ లేదు. మేం పెన్ను పక్కన పెట్టి, "ఇంట్లో అమ్మను ఏ మాటతో పిలుస్తావు?" అని అడిగాకే రాస్తున్నాం.

రాబోయే జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. 2011లో మాతృభాష ఒక ప్రశ్నగా, తెలిసిన ఇతర భాషలు మరో ప్రశ్నగా అడిగారు. ఇతర భాషలు రెండు చెప్పుకోవచ్చు. అంటే తెలుగు పోదు పిల్లలూ, దాని గడి దానికి ఉంది. ఇంటి భాష అన్నం, తెలుగు ఆదరువు అనుకోండి, లేదా తిరగేసి అనుకోండి, మాకు పేచీ లేదు. కలిపేసుకోవద్దు, నంజుకోండి అంటున్నాం. పోడులో చోళ్ళూ సామలూ కందులూ ఒకే చోట చల్లే అమ్మమ్మను ఏది అసలు పంట, ఏది అంతర పంట అని అడిగితే నవ్వుతుంది. అలా ఉంటే ఇంకా మంచిది.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతాల్లో ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితోనే చిన్న తరగతుల పుస్తకాలు వచ్చాయి. లిపి లేదు కాబట్టి రాయలేం అనే మాట అప్పుడే తేలిపోయింది. మీ చేతిలో ఫోను ఉంది, తెలుగు కీబోర్డు ఉంది.

మీ కుర్చీల మీద ఒక్కో కాగితం పెట్టాం. మూడే ప్రశ్నలు. అంబలితో నంజుకునేదాన్ని మీ ఇంట్లో ఏమంటారు? సంతలో కొసరును ఏమంటారు? పాటలో వెనక పలికేవాళ్ళను ఏమంటారు? తెలియకపోతే ఖాళీ వదలకండి, "తెలుగు మాటే వాడతాం" అని రాయండి, అదీ మాకు కావాలి. తాతలు వెనక వరసలో కూర్చున్నారు. నాలుగు గంటలకు వాళ్ళ బస్సు. ఈలోపు వెళ్ళి అడగండి.