ఎసటికి ముందు తీసిన పిడికెడు
(శతవార్షికోత్సవ సభలో కూర్మన్నపాలెము లూథరన్ సంఘము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



మా సంఘము పేదలకు చేయుచున్న పరిచర్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు సెలవిచ్చినారు. చేసిన మేలు చెప్పుకొనుట సులభము. మేలు చేయబోయి చేసిన పొరపాటు చెప్పుకొనుట కష్టము. ఈ సభ మన ఇంటివారి సభ గనుక రెండును చెప్పెదము.

గాజువాక దాటి జాతీయ రహదారి మీద వచ్చినచో, ఉక్కు కర్మాగారమునకు తిరుగు కూడలియే మా కూర్మన్నపాలెము. 1966లో విశాఖ ఉక్కు కొరకు ఆంధ్రదేశమంతయు లేచినది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1992లో కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. దాని కొరకు పొలమును, ఇంటిని విడిచి కదలిపోయిన గ్రామస్థులు ఒకవైపు, పని వెదకుకొనుచు గుంటూరు, గోదావరి, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల నుండి వచ్చినవారు ఒకవైపు, వీరందరును కలిసి మా పొరుగు అయినారు. తెల్లవారక మునుపే క్యారేజీ చేతబట్టుకొని గేటు వైపు నడచు కాంట్రాక్టు కూలీలను చూడనిదే మాకు దినము ప్రారంభము కాదు.

మేము ఒట్టి చేతులతో ఇక్కడికి రాలేదు. 1842లో హయ్యరుగారు గుంటూరు చేరినది మొదలు మన పితరులు సువార్తను, సేవను విడదీయలేదు. 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరుగారు గుంటూరులో స్త్రీలకును పిల్లలకును వైద్యము చేసి, 1898 నాటికి ఆసుపత్రిని నిలిపినారు. సాలూరులో కుష్ఠు రోగుల కొరకు ఫిలదెల్ఫియ ఆసుపత్రి వెలసినది. ఇవి పెద్ద పనులు. మా అమ్మమ్మలు చేసినది చిన్న పని. ఎసటిలో బియ్యము పోయకమునుపే పిడికెడు తీసి వేరే కుండలో వేసెడివారు. ఆదివారము ఆ బియ్యము గుడికి వచ్చెడిది. వండి తినగా మిగిలినది కాదు, తమ పిల్లలకు పెట్టకమునుపే తీసినది. మా పరిచర్యకు మూలధనము ఆ పిడికెడే.

ఇక మా పొరపాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినది. రేకులు లేచిపోయినవి, చెట్లు కూలినవి, దినముల తరబడి కరెంటు లేదు. మేము బియ్యము, కొవ్వొత్తులు, దుప్పట్లు పోగుచేసి పంచితిమి. బానరు కట్టితిమి. పుచ్చుకొనువారిని వరుసగా కూర్చుండబెట్టి ఫోటోలు తీసితిమి. ఒక తల్లి కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొన్నది. సిగ్గరి అనుకొంటిమి. రెండవ మారు పంచినప్పుడు ఆమె రాలేదు. మా స్త్రీల సమాజమువారు ఇంటికి వెళ్లి అడుగగా, “అమ్మా, మీ బియ్యము తిన్నాము, కాదనను. ఆ ఫోటో మా అల్లుడు చూసినాడు” అన్నది. ఆ మాటకు మాయొద్ద జవాబు లేకపోయినది.

పట్టిక తీసి చూచుకొంటిమి. మొదటి పేర్లన్నియు మన సంఘస్థులవే. గుడి గోడకు ఆనుకొనియున్న పాకలవారి పేర్లు అడుగున నున్నవి. అపొస్తలుల కాలములోనే, అనుదిన పంపకములో కొందరు విధవరాండ్రు మరువబడిరని సణుగు పుట్టగా ఏడుగురిని ఏర్పరచిరి గదా! 1523లో జర్మనీ దేశములోని లైస్నిగు పట్టణ సంఘమువారు పేదల కొరకు ఉమ్మడి పెట్టె నేర్పరచుకొనగా లూథరుగారు దానికి ముందుమాట వ్రాసినారు. ఆ పెట్టెకు నాలుగు తాళములు. ప్రభువులు, నగర సభవారు, పట్టణస్థులు, రైతులు తలకొక తాళపుచెవి ఉంచుకొనిరి. దానము ఒక్కరి చేతి గొప్ప కాకూడదనియే ఆ ఏర్పాటు.

మేమును ఆ దారిని పట్టితిమి. బానరు తీసివేసితిమి. ఫోటోలు మానితిమి. పెట్టెకు రెండు తాళములు వేసితిమి. ఇద్దరు స్త్రీలు సాయంకాలమున మామూలు గుడ్డ సంచితో వెళ్లి వచ్చెదరు. సంఘములో లెక్క చదువుదుము గాని పేర్లు చదువము.

2020లో కరోనా వచ్చి బండ్లన్నియు నిలిచిపోయినప్పుడు, మా కూడలి మీదుగా వలస కూలీలు మూటలతో నడచిపోయినారు. పులిహోర పొట్లములు, మజ్జిగ ఇచ్చితిమి. ఒక కుర్రవాడు పొట్లము వద్దని, ఇంటికి మాటలాడవలెనని, ఫోనుకు కాస్త చార్జింగు పెట్టుమని బ్రతిమాలినాడు. ఆ దినము నుండి, ఇచ్చుటకు ముందు అడుగవలెనని నేర్చుకొంటిమి.

అన్నిటికంటె కఠినమైన పాఠము మా బల్లల మధ్యనే నేర్చుకొంటిమి. తుఫానునాడు బస్తాలు భుజమున మోసిన మా సహోదరుడొకరికి తరువాత కాంట్రాక్టు పని పోయినది. ముందు వరుసలో కూర్చుండువాడు వెనుక వరుసకు వెళ్లెను. పిమ్మట రాక మానెను. మేము గుర్తించుటకు రెండు నెలలు పట్టినది. పొరుగువారిని వెదకుచు మా వానిని పోగొట్టుకొంటిమి. సంచితో వెళ్లగా ఆయన తలుపు తీయలేదు. మరల వెళ్లినప్పుడు గడపలో నిలిచి, “ఇచ్చుట నేర్పినారు గాని పుచ్చుకొనుట నాకెవరు నేర్పినారు?” అన్నాడు. ఆ రాత్రి సంచిని గూర్చి మాటలాడక ఆయనతో కూర్చుండి టీ త్రాగి ప్రార్థన చేసి వచ్చితిమి. మూడవ మారు సంచి లోపలికి వెళ్లినది. నేడు ఆ పెట్టె రెండవ తాళపుచెవి ఆయన యొద్దనే యున్నది. పుచ్చుకొనుట ఎంత బరువో ఎరిగినవాడు గనుక ఆయన చేతినుండి ఇచ్చినది తేలికగా నుండును.

ఇంకొక మాట. బియ్యపు సంచి న్యాయమునకు బదులు కాదు. 2021లో కర్మాగారమునుండి పెట్టుబడులు ఉపసంహరింపవలెనని కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినప్పుడు మా కూడలిలోనే కార్మికుల దీక్షా శిబిరము వెలసినది. భూమి పోయినవానికి బ్రతుకుతెరువు, పని చేసినవానికి సరియైన కూలి కావలెను. వాటిని మేము సంచిలో పెట్టి ఇయ్యలేము. అయినను వారి పక్షమున మాట్లాడుట కూడ పరిచర్యయేనని మా విశ్వాసము.

ప్రియులారా, ఈ పండుగ ముగిసి పందిళ్లు విప్పిన తరువాత ప్రతి సంఘమును రెండు పనులు చేయవలెనని మా మనవి. సహాయపు పట్టికలో గుడి గోడకు బయటనున్నవారి పేర్లు చూడుడి. పిమ్మట మీ బల్లలలో ఖాళీగా నున్న చోటును చూడుడి. రేపు ఉదయము ఎసరు పెట్టునప్పుడు, బియ్యము పోయకమునుపు, ఒక్క పిడికెడు ప్రక్కన ఉంచుడి.

దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.