అమెరికా అధ్యక్షుల సేవకు విలువ కట్టడం: మారిన తీర్పులు, మారని ఆధారాలు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చరిత్రాచార్యుడైన ఆర్థర్ ష్లెసింజర్ 1948లో 55 మంది పండితుల అభిప్రాయాలు సేకరించి, అమెరికా అధ్యక్షులను మహనీయులు మొదలుకొని విఫలుల వరకు అయిదు తరగతులుగా విడగొట్టి లైఫ్ పత్రికలో ప్రకటించినప్పటి నుంచి, పదవి దిగిపోయిన పాలకుల సేవకు విలువ కట్టడం ఆ దేశంలో ఒక విద్యావ్యాసంగంగా స్థిరపడింది. 1962లో 75 మందితో అతడే మరల జరిపిన పరిశీలనలోనూ లింకన్, వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మొదటి మూడు స్థానాల్లో నిలువగా, గ్రాంట్, హార్డింగ్ విఫలుల వరుసలోనే మిగిలారు. 2000 నుంచి సీ-స్పాన్ అనే టెలివిజన్ సంస్థ చరిత్రకారుల చేత సంకట సమయంలో నాయకత్వం, ఆర్థిక నిర్వహణ, నైతికాధికారం, అందరికీ సమన్యాయం కోసం చేసిన కృషి వంటి పది ప్రమాణాల మీద మార్కులు వేయిస్తోంది. 1841లో ప్రమాణస్వీకారం చేసిన నెలరోజులకే మరణించిన విలియం హెన్రీ హారిసన్‌ను ష్లెసింజర్ లెక్కలోకే తీసుకోలేదు. కొత్త పద్ధతిలో అతడికి ఆర్థిక నిర్వహణకు సైతం మార్కులు పడుతుండడం ఆ పద్ధతికి గల హద్దును చెప్పకనే చెబుతుంది.

ఈ పట్టికల్లో స్థానాలు మారడానికి రెండు వేర్వేరు కారణాలున్నాయి. మొదటిది కొత్త ఆధారం. 1962లో ఐసెన్‌హోవర్ 22వ స్థానంలో ఉన్నాడు. పాలనను అనుచరులకు వదిలి గోల్ఫ్ ఆడుకున్నవాడన్నది అప్పటి అభిప్రాయం. అతడి ఆంతరంగిక పత్రాలు వెలుగుచూశాక, తెరవెనుక నుంచి నిర్ణయాలను అతడే నడిపించాడని ఫ్రెడ్ గ్రీన్‌స్టైన్ 1982లో వెలువరించిన గ్రంథంలో నిరూపించాడు. 2017 నాటికి సీ-స్పాన్ పట్టికలో అతడు 5వ స్థానానికి చేరాడు.

రెండవ కారణం కొత్త ప్రశ్న. 1869 నుంచి 1877 వరకు పాలించిన గ్రాంట్ విషయంలో జరిగింది ఇదే. సారా తయారీదారులు ఎక్సైజు అధికారులకు లంచాలిచ్చి పన్ను ఎగవేసిన కుంభకోణం 1875లో బయటపడడం, అందులో నిందితుడైన తన ఆంతరంగిక కార్యదర్శి పక్షాన అధ్యక్షుడే సాక్ష్యమివ్వడం, 1873 నాటి ఆర్థిక సంక్షోభం అతడి పేరును చెడగొట్టిన మాట నిజమే. అయితే అంతకన్న లోతైన కారణం చరిత్రకారులలోనే ఉంది. అంతర్యుద్ధానంతరం దక్షిణ రాష్ట్రాలను తిరిగి యూనియన్‌లో కలుపుకొని, విముక్తులైన బానిసలకు పౌరహక్కులు కల్పించే యత్నం సాగిన కాలాన్ని పునర్నిర్మాణ యుగమంటారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం డన్నింగ్, అతడి శిష్యులు ఆ యుగాన్ని దక్షిణాదిపై రుద్దిన దౌర్జన్యంగా చిత్రించగా, ఆ చిత్రణే దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలలో నిలిచింది. అందువల్ల గ్రాంట్ చేసిన ముఖ్యమైన పని అతడి నేరంగా లెక్కకు వచ్చింది.

ఆ పని ఏమిటంటే, నల్లజాతి ఓటర్లను కొట్టి, చంపి భయపెడుతున్న కూ క్లక్స్ క్లాన్ అనే రహస్య ముఠాను అణచడానికి 1871లో చట్టం తెప్పించి, ఆ అక్టోబరులో దక్షిణ కరోలినాలోని తొమ్మిది కౌంటీలలో హెబియస్ కార్పస్‌ను, అంటే నిర్బంధితుడిని న్యాయస్థానం ఎదుట నిలపాలని కోరే హక్కును, నిలిపివేసి, అంతకు ముందేడు ఏర్పడిన న్యాయశాఖ చేత వందలాది మందిపై అభియోగాలు మోపించడం. ఇవన్నీ 1948లోనూ అచ్చులో ఉన్న సంగతులే, పైగా డబ్ల్యు.ఇ.బి. డు బోయిస్ 1935లోనే డన్నింగ్ వాదాన్ని పూర్వపక్షం చేశాడు. అతడి మాట విశ్వవిద్యాలయాల చెవికెక్కడానికి 1960ల పౌరహక్కుల ఉద్యమం రావలసివచ్చింది. 2000లో 33వ స్థానంలో ఉన్న గ్రాంట్ 2021లో 20వ స్థానానికి వచ్చాడు.

దీనిని కాలపు గాలివాటంగా కొట్టిపారేయడం సరికాదు. దాదాపు 40 లక్షల మంది విముక్త బానిసలు పౌరులైన దేశంలో, వారి ప్రాణరక్షణను గణించని కొలతే లోపభూయిష్టం. అట్లని గ్రాంట్‌ను ధీరోదాత్తుడిగా నిలబెట్టనక్కరలేదు: 1875 ఎన్నికల వేళ మిసిసిపి గవర్నరు సైన్యం కోసం మొరపెట్టుకున్నా అతడు పంపలేదు, ప్రత్యర్థులు ఆ ఎన్నికను హింసతోనే గెలిచారు.

అదే కొలత విల్సన్‌ను 2000లోని 6వ స్థానం నుంచి 2021లో 13కు దించింది. 1913 నుంచి కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలో జాతివివక్షను పెంచిన పాలన అతడిది.

లిండన్ జాన్సన్ దగ్గర మరొక చిక్కు ఎదురవుతుంది. 1965 నాటి ఓటుహక్కు చట్టాన్ని, వియత్నాంకు పంపిన అయిదు లక్షల పైచిలుకు సైన్యాన్ని కలిపి సరాసరి తీస్తే వచ్చే పదో పదకొండో స్థానం ఆ రెండింటిలో దేనినీ తెలుపదు. భారతదేశానికి ఏటా నూరు మందినే అనుమతించిన పాత జాతీయ కోటాలను తొలగించే వలస చట్టంపై అతడు 1965 అక్టోబరు 3న సంతకం చేస్తూ, అది విప్లవాత్మకమేమీ కాదన్నాడు. గుంటూరు, విశాఖపట్నం వైద్య కళాశాలల పట్టభద్రులు అటుపై అమెరికా ఆసుపత్రులకు చేరిన దారి ఆ చట్టమే. భారత్‌కు గోధుమ ఓడలను కొద్దికొద్దిగా విడుదల చేస్తూ ఢిల్లీని ఒత్తిడిలో ఉంచినవాడూ ఆ జాన్సనే. వలస చట్టం తెచ్చిన, అతడు ఊహించని ఫలితానికి అతడికి ఎంత ఘనత దక్కాలన్న ప్రశ్నకు పది ప్రమాణాలలో చోటు లేదు. 1924లో కోటాలను శాసనసభలో ఎదిరించి, నాలుగు దశాబ్దాల తరువాత ఈ బిల్లుకు తన పేరు జోడించిన ఇమాన్యుయేల్ సెల్లర్‌కు అందులో పెద్దవాటా ఇవ్వడమే న్యాయం. అతడు అధ్యక్షుడు కాడు గనుక ఏ పట్టికలోనూ కనిపించడు.