పేరు కత్తిరించి పంపటం గురించి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పంతులం. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలి.

సహీహ్ బుఖారీలో మొదటి హదీసు సంకల్పాన్ని గురించినది. ఆ ఒక్క మాట చెప్పేముందు ఇమాం బుఖారీ ఆరుగురి పేర్లు చెప్పారు. తనకు హుమైదీ చెప్పారు, ఆయనకు సుఫ్యాన్, ఆయనకు యహ్యా, ఆయనకు ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం, ఆయనకు అల్ఖమా, ఆయనకు హజ్రత్ ఉమర్ (రజి). దీన్నే ఇస్నాద్ అంటాం. ఇమాం గారు 870లో పరమపదించారు. ఆ రోజుల్లో సెల్‌ఫోను లేదు గాని, మాట ఎవరి నుంచి వచ్చిందో చెప్పకుండా ముందుకు పంపేవారు కాదు.

మరి మనమో? పొద్దున్నే ఫోను తీస్తే ఇరవై షాయిరీలు, సగానికి పైగా అల్లామా ఇక్బాల్ పేరుమీదే. ఆయన 1938లో పోయారు. ఇంకా రాస్తూనే ఉన్నారు కాబోలు!

బడిలో రోజూ పిల్లలు ప్రతిజ్ఞ చేస్తారు. మా పిల్లలు ఉర్దూలో చేస్తారు. దాన్ని 1962లో రాసినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి వారు, అప్పట్లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది, వారి పేరు ఉండేది కాదు. మేమూ ఏళ్ళ తరబడి చెప్పించాం గాని, రాసిందెవరని ఒక్కనాడూ అడగలేదు.

ఇక మా సొంత తప్పు. పోయినేడు ఈ సావనీరులో ఈద్గా ఫోటో ఒకటి వేశాం. ఎక్కడినుంచో ఫోనులోకి వచ్చింది. కింద చిన్న అక్షరాలు అడ్డంగా ఉన్నాయని మేమే కత్తిరించి ప్రెస్సుకిచ్చాం. తీరా చూస్తే ఆ ఫోటో తీసింది మా దగ్గర చదువుకున్న అబ్బాయే. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి ఇల్లు నడుపుతున్నాడు. పుస్తకం చేతపట్టుకుని ఇంటికొచ్చాడు.

"సార్, డబ్బు అడగటానికి రాలేదు. కింద పేరు చూసే నలుగురు నన్ను పనికి పిలుస్తారు" అన్నాడు.

జవాబు చెప్పలేకపోయాం. ఒకప్పుడు పరీక్షలో కాపీ కొట్టాడని వాణ్ణి బెంచీ ఎక్కించింది మేమే గదా!

చట్టమూ ఉంది. 1957 కాపీరైటు చట్టం 57వ సెక్షను ప్రకారం, హక్కులు అమ్మేసుకున్నా సరే, ఇది నా పని అని చెప్పుకునే హక్కు చేసినవానికే ఉంటుంది. అలాగని పేరు వేస్తే చాలదు, ముందు అడగాలి కూడా. ఎవరిదో ఎంత వెతికినా తెలియకపోతే వేయకుండా ఉండటమే మేలని మా అభిప్రాయం. సావనీరులో ఒక పేజీ ఖాళీ పోతే పోయె.

ఈ ఏడు ఆ ఫోటోను పేరుతో మళ్ళీ వేయమని కమిటీవారిని కోరాం, ఒప్పుకున్నారు. అబ్బాయినీ అడిగాం, సరేనన్నాడు. పేరు మాత్రం తానే కాగితం మీద రాసిచ్చాడు. మేము తప్పు రాస్తామని భయం కాబోలు.