నిజాం ఎక్కని కారు

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఒకటుంది. మనలో చాలామంది పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీసుకుని వచ్చేస్తాం. నేనూ అంతే చేశాను, మొదటిసారి.

1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. లండన్‌లో బార్కర్ కంపెనీవాళ్లు బాడీ కట్టి, వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. బండి రాకముందే, 1911లో, 45 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని వేడుకలకే బయటికి తీసేవారు. అందుకే అది తిరిగింది కొన్ని వందల మైళ్లే.

ఈమధ్య మళ్లీ చూసినప్పుడు మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన కోసమే స్టాఫ్ లోన్ పెట్టి కారు బుక్ చేశాను. డెలివరీకి వారం ముందు పోయారు. అమ్మ ఇప్పటికీ ముందు సీట్లో కూర్చోదు.